కొనని ప్యానెల్ మీద కంప్లైంటు

మా మావయ్య ఏ వస్తువైనా సరే, కొనకముందే అది పాడైపోయిందని కంప్లైంటు చేస్తాడు.

నేను గోరంతను కొండంత చేస్తానని మా ఇంట్లో నాకో పేరుంది కాబట్టి మళ్ళీ చెబుతున్నాను. కొన్నాక కాదు, కొనకముందు. లోకంలో అందరూ చేతులు కాలాక ఆకులు పట్టుకుంటారు. మావయ్య పొయ్యి వెలిగించకముందే ఆకుల కట్ట చంకన పెట్టుకుని తిరుగుతాడు. మిక్సీ కొనాలనుకుంటే ముందు ఆ కంపెనీకి ఫోన్ చేసి, "ఏమయ్యా, మీ మిక్సీ తిరగనంటోంది" అంటాడు. అవతలివాళ్ళు ఎంతసేపటికి ఫోన్ ఎత్తారు, ఎత్తినవాడు మర్యాదగా మాట్లాడాడా, మనిషిని పంపిస్తామన్నారా, మీరే మోసుకురండి అన్నారా, ఇవన్నీ చూసుకుని అప్పుడు కొనాలో వద్దో తేలుస్తాడు. సాధారణంగా వద్దనే తేలుతుంది. అందుకే వాళ్ళింట్లో ఇప్పటికీ పచ్చడి రోట్లోనే నూరుతారు.

ఈ అలవాటు వస్తువుల దగ్గర ఆగితే కొంత నయం. క్షవరానికి వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడంటే, కత్తెర ఇంకా సొరుగులో ఉండగానే, "వెనకవైపు మరీ ఎక్కువ తీసేశావయ్యా" అంటాడు. బస్సెక్కి డబ్బులు తీయకముందే కండక్టరుతో, "నా చిల్లర ఇవ్వలేదు నువ్వు" అంటాడు. అత్తయ్య కాఫీకి గిన్నె కడుగుతుంటే ముందు గదిలోంచి, "చక్కెర ఎక్కువైందోయ్" అని కేకేస్తాడు.

అత్తయ్య ఏమీ అనుకోదు. వంటింట్లోంచే, "మీ కంప్లైంటు నమోదు చేసుకున్నాం" అని, ఎప్పుడూ వేసేంత చక్కెరే వేస్తుంది.

"ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నారు. మీ మావయ్య ఆ కొడుక్కి చదువు రాలేదని అప్పుడే బెంగ కూడా పెట్టుకుంటారు" అంటుంది నాతో.

ఇదంతా ఆయన చేసిన ఉద్యోగం నుంచి అంటిన జబ్బని మా అందరి నమ్మకం. ఫ్యాన్లు తయారుచేసే ఒక కంపెనీలో, సర్వీసు కౌంటరు వెనక, రిటైరయ్యేదాకా కూర్చున్నాడు. జనం పాడైన ఫ్యాన్లు పట్టుకొస్తారు. ఈయన వాటిని అటు తిప్పీ ఇటు తిప్పీ చూసి, "ఇది వారంటీలో రాదండీ" అంటాడు. చేయాల్సిన పని అంతే. వోల్టేజీ ఎక్కువైందనో, తేమ తగిలిందనో, బయటివాడెవడో చెయ్యి పెట్టాడనో, బిల్లు మీద అక్షరాలు చెరిగిపోయాయనో ఏదో ఒక కారణం దొరికేది. దొరక్కపోతే పై ఆఫీసరు వెతికి ఇచ్చేవాడు. అన్నేళ్ళు అవతలివాళ్ళ కంప్లైంట్లు విని విని, రిటైరయ్యాక ఆ బాకీ అంతా లోకం మీద తీర్చుకుంటున్నాడని మేం నవ్వుకునేవాళ్ళం.

ఇలాంటి మనిషిని మా అక్క సోలార్ ప్యానెళ్ళు కొనడానికి సాయం రమ్మంది. దాని కష్టం దానిది. మా మేడమీది గదిలో మూడు కరెంటు మిషన్లు పెట్టుకుని బడిపిల్లల యూనిఫారాలు కుడుతుంది. ఎండాకాలం సెలవుల్లోనే ఆ ఆర్డరు వస్తుంది, ఎండాకాలంలోనే కరెంటు పోతుంది. కిందటేడు బడులు తెరిచే రోజుకి సగం చొక్కాలకు చేతులే అతకలేదు. హెడ్మిస్ట్రెస్ మర్యాదస్తురాలు కాబట్టి గట్టిగా ఏమీ అనలేదు. వచ్చే ఏడు కూడా ఇలాగే అయితే వేరే టైలరును చూసుకుంటానని మాత్రం చల్లగా చెప్పింది. ఆ ఒక్క ఆర్డరు మీదే అక్క సంసారం నడుస్తోంది. అందుకని చలికాలంలోనే మేలుకుని, డాబా మీద నాలుగు ప్యానెళ్ళు, కింద ఒక బ్యాటరీ, ఒక ఇన్వర్టరు పెట్టించుకుందామనుకుంది. దాచుకున్నది తక్కువ. కాబట్టి చవకలో మంచివి కావాలి.

"చవకలో మంచివి ఏరాలంటే మావయ్యే ఉండాలిరా" అంది నాతో.

"మంచివి ఏరతాడు. కొననివ్వడు" అన్నాను.

నా మాట ఎవరు వింటారు?

మొదటి షాపు ఒక చిరునవ్వులాయనది. మనం గుమ్మం ఎక్కకముందే ఆ నవ్వు ఎదురొస్తుంది. గోడకు ఆనించిన ప్యానెల్‌ను గుర్రం వీపు తట్టినట్టు తట్టి, "పాతికేళ్ళ వారంటీ సార్! మీ మనవలు కూడా వాడుకుంటారు" అన్నాడు.

"షాపు పెట్టి ఎన్నాళ్ళయింది బాబూ?" అన్నాడు మావయ్య.

"కిందటి నెలే సార్."

"అంటే నీ షాపు కన్నా నీ మాటకి వయసెక్కువ. సరే, ఆ పాతికేళ్ళు దేనికి?"

"అన్నిటికీ సార్."

"గాజు లోపలికి తడి దిగితే?"

చిరునవ్వులాయన కొంచెం తగ్గాడు. "దానికి పదేళ్ళు సార్. పాతికేళ్ళనేది, కరెంటు మరీ పడిపోకుండా ఇస్తుందని కంపెనీ ఇచ్చే మాట."

"ఇన్వర్టరుకి?"

"అయిదు సార్."

"బ్యాటరీకి?"

"మూడు సార్."

"పాతికతో ఎత్తుకుని మూడు దగ్గరికొచ్చాం. ఇంకో ప్రశ్న అడిగితే నేనే నీకు ఎదురు వారంటీ రాసిచ్చేలా ఉన్నాను. పాడైన ప్యానెల్‌ను డాబా మీంచి దింపి, కంపెనీదాకా మోయించే ఖర్చు ఎవరిది?"

"అది... అప్పుడు మాట్లాడుకుందాం సార్."

"అప్పుడు మాట్లాడటానికి నువ్వుండొద్దూ?"

తరువాత మావయ్య నేల మీద గోనెసంచీ పరిచి, వెల్లకిలా పడుకుని, ప్యానెల్‌ను తన మీదకి వంచి పట్టుకోమన్నాడు. ఒక పక్క నేను, ఒక పక్క చిరునవ్వులాయన పట్టుకున్నాం. వెనకవైపు తెల్లని పొర మీద ఎక్కడైనా బుడిపెలున్నాయేమోనని వేలితో తడిమాడు. వైర్లు బయటికొచ్చే పెట్టె చుట్టూ జిగురు నిండుగా పట్టిందో లేదో చూశాడు. అంటించిన స్టిక్కరు అంచును గోటితో గీకాడు. "ఒకడు తీసేసిన సరుకుకి ఇంకొకడు స్టిక్కరేసి అమ్ముతాడురా, కింద పాత స్టిక్కరు కనిపిస్తుంది" అన్నాడు నాతో. షాపు ముందు నడిచే జనం ఆగి, పెద్దాయన ప్యానెల్ కింద పడ్డాడనుకుని మంచినీళ్ళు తెచ్చారు.

ఇంత చేసి, లేచి, బట్టలు దులుపుకుని, ప్యానెల్ మీదున్న కంపెనీ నంబరుకి అక్కడే నిలబడి ఫోన్ చేశాడు.

"నమస్కారమండీ. మీ ప్యానెల్ పాడైంది. కరెంటు ఇవ్వడం లేదు" అని మా ఇంటి అడ్రసు చెప్పాడు.

"సార్, అది ఇంకా నా షాపులోనే ఉంది!" అన్నాడు చిరునవ్వులాయన. ఆ రోజుకి ఆయన నవ్వు అక్కడితో సరి.

ఇలాగే ఊళ్ళో ఉన్న షాపులన్నీ తిరిగాం. ఒక కంపెనీ నంబరు ఉలకదు పలకదు. ఒక నంబరులో పాట వస్తుంది, పాట అయిపోయాక మళ్ళీ అదే పాట వస్తుంది. ఒకావిడ ఎత్తి, "మీరు డాబా మీద నీడ పడే చోట పెట్టుకుని ఉంటారు" అని మావయ్యనే గదమాయించింది. పెట్టని ప్యానెల్‌కి నీడ ఎక్కడిదని మావయ్య ఆవిడతో చాలాసేపు వాదించాడు.

నాలుగైదు రోజులు గడిచాక, పొద్దున్నే మా గుమ్మంలో మోటారుసైకిల్ ఆగింది. దానికి ఒక పొడవాటి నిచ్చెన కట్టి ఉంది. ఆ నిచ్చెన వెనక వెతికితే ఒక సన్నటి మనిషి కనిపించాడు. చిరునవ్వులాయన షాపులో చూసిన కంపెనీ పంపిన మెకానిక్ ఆయన.

"ప్యానెల్ పాడైందని కంప్లైంటొచ్చిందండీ" అన్నాడు.

నేను డాబా వైపు చెయ్యి చూపించాను. ఆయన నిచ్చెన వేసుకుని డాబా ఎక్కాడు. అక్కడ ఆరేసిన దుప్పట్లూ, అక్క ఎండబెట్టిన లైనింగు గుడ్డా తప్ప ఏమీ లేవు. కాసేపు అటూ ఇటూ తిరిగి, దుప్పటి ఎత్తి కింద కూడా చూసి, దిగొచ్చాడు.

"ప్యానెల్ లేదండీ" అన్నాడు, దొంగతనం జరిగిందేమోనన్న జాలితో.

అక్క ఆయన్ను కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, క్షమాపణ చెప్పుకుంది. పాపం మంచివాడు. వచ్చిన పని లేదు కదా అని, వంటింట్లో కిరకిరమంటున్న ఫ్యాను బిగించి వెళ్ళాడు. ఆ రోజు నుంచీ ఆయన మాకు నిచ్చెనాయన అయిపోయాడు.

అక్క మొహం వెలిగిపోయింది. సాయంత్రం మావయ్య రాగానే, "దొరికింది మావయ్యా! లేని ప్యానెల్‌కే మనిషిని పంపారంటే, ఉన్నదానికి ఎంత బాగా చూస్తారో! ఇదే కొనేద్దాం" అంది.

మావయ్య గడ్డం గోక్కున్నాడు. "ఇంత తొందరగా వచ్చాడంటే, రోజూ ఇదే పని మీద ఉన్నాడన్నమాట. అంటే వీళ్ళవి ఎన్ని పాడవుతున్నట్టు?"

రాకపోతే రాలేదని తప్పు, వస్తే వచ్చాడని తప్పు. అక్క చేతిలో కత్తెర ఉంది. అది టేబులు మీద పెట్టేసి మరీ మాట్లాడింది. దాని నిగ్రహాన్ని నేను మెచ్చుకోవాలి.

"మావయ్యా, నీ పుణ్యముంటుంది. ఇంక నువ్వు రావద్దు. నేను యూనిఫారాలు కుట్టుకోవాలి, పరిశోధన చేయలేను" అంది.

మావయ్య కళ్ళజోడు తీసి తుడుచుకుని, "సరేనమ్మా" అని వెళ్ళిపోయాడు.

ఆ వారంలోనే అక్క చిరునవ్వులాయన షాపుకు వెళ్ళి, నిచ్చెనాయన కంపెనీవే నాలుగు ప్యానెళ్ళు కొనేసింది. ఆయన బాగా తగ్గించి ఇచ్చాడు, మావయ్యను వెంట తీసుకురానందుకు మరికొంచెం తగ్గించాడు. ఆయన మనుషులే వచ్చి బిగించి వెళ్ళారు. "మావయ్యకు చెప్పకురా" అంది నాతో. డాబా మీద ప్యానెళ్ళు దాచడమంటే ఏనుగుని గంప కింద దాచడమే. వీధి చివర తిరిగితే చాలు, ఎండకి తళతళలాడుతూ కనిపిస్తాయి.

తరువాతి ఆదివారం మావయ్య వచ్చాడు. గుమ్మం ముందు ఆగి, తలెత్తి చూశాడు. అక్క కిటికీ చాటుకు తప్పుకుంది. ఆయన లోపలికొచ్చి, మంచినీళ్ళు తాగి, "కాసేపు డాబా మీద గాలికి కూర్చుంటాను" అన్నాడు. చాలాసేపటికి దిగాడు. మోకాళ్ళకు మట్టి, జుట్టులో బూజు.

అక్క కంప్లైంటు కోసం ఎదురుచూసింది. నేనూ చూశాను.

"ఇక్కడ ఎండ బాగా పడుతుందమ్మాయ్" అన్నాడు. అంతే. పోయేముందు, "బిల్లు ఎక్కడ పెట్టావ్? ఓసారి ఇలా ఇవ్వు, రేపు తెచ్చిస్తాను" అన్నాడు. అక్క ఇచ్చేసింది. ఆయన కంప్లైంటు చేయకపోవడం, చేయడం కన్నా భయపెట్టింది మమ్మల్ని. అత్తయ్యకు ఫోన్ చేసి ఆయనకు ఒంట్లో బాగుందా అని కూడా అడిగాం.

ప్యానెళ్ళు చక్కగా పనిచేశాయి. ఎండలు మొదలయ్యాయి, ఆర్డరు వచ్చింది, కరెంటు పోవడం మొదలుపెట్టింది. వీధంతా విసనకర్రలు ఊపుకుంటుంటే మా మేడ మీద మూడు మిషన్లూ గలగలా నడిచేవి. అక్క కుడుతూ పాడేది కూడా. దాని పాట వినడం కన్నా కరెంటు పోవడమే నయమని నేను అనేవాణ్ణి.

సరిగ్గా ఎండలు ముదిరి, గుడ్డలన్నీ కత్తిరించి, కుట్టడం సగంలో ఉండగా, ఒక మధ్యాహ్నం మిషన్లు మూలిగి ఆగిపోయాయి. డాబా ఎక్కి చూస్తే ఒక ప్యానెల్ మీద, అరచేయంత మేర, అట్టు మాడినట్టు గోధుమరంగు మచ్చ ఉంది. నాలుగింటినీ వరసగా ఒకే తీగకు కలిపారు. ఒకటి మొరాయిస్తే మిగతావీ మొరాయిస్తాయి. మా బంధువర్గం కూడా ఇంతే కాబట్టి నాకు సులువుగానే అర్థమైంది.

చిరునవ్వులాయనకు ఫోన్ చేస్తే నంబరు పనిచేయడం లేదంది. పరుగెత్తుకుంటూ షాపుకెళ్ళాను. అక్కడ చెరుకురసం అమ్ముతున్నారు. ఏరు దాటి తెప్ప తగలేసిన మనిషి నవ్వుతూ ఎటో వెళ్ళిపోయాడు. చెరుకురసం ఆయన్ను అడిగితే, "మీలా అడగడానికి చాలామంది వస్తున్నారండీ, రసం తాగి పోతున్నారు" అన్నాడు. నేనూ తాగాను.

"మావయ్యకు చెబుదాం" అన్నాను ఇంటికొచ్చి.

"చంపేస్తాను" అంది అక్క. "రావద్దన్నాను కదరా ఆయన్ని. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని చెప్పను? 'చెప్పానా' అంటాడు. ఆ ఒక్క మాట నేను పడలేను." అని, అటక మీంచి అమ్మ నాటి తొక్కుడు మిషన్ దింపించింది. మూడు మిషన్ల పని ఒక తొక్కుడు మిషన్ మీద చేయాలంటే ఏమవుతుంది? సాయంత్రమయ్యేసరికి కాళ్ళు వాచిపోయేవి. చొక్కాల గుట్ట ఎక్కడిది అక్కడే ఉండేది. బడులు తెరిచే రోజు మాత్రం దగ్గరికొస్తోంది. అక్క పాడటం మానేసింది. పాడితే బాగుండునని నాకనిపించింది.

అలాంటప్పుడు మావయ్య వచ్చాడు. మెట్లెక్కుతూ మధ్యలో ఆగాడు. పైనుంచి తొక్కుడు మిషన్ టకటక వినిపిస్తోంది. అక్క తేలుకుట్టిన దొంగలా తల వంచుకుని కుట్టుకుంటోంది. ఆయన మిషన్ వైపు చూశాడు, ఆగిపోయిన మూడు మిషన్ల వైపు చూశాడు, అక్క కాళ్ళ వైపు చూశాడు.

"ఏంటమ్మాయ్, కాలికి వ్యాయామమా?" అన్నాడు.

"అవును మావయ్యా. ఒళ్ళొచ్చేస్తోందని" అంది అక్క.

"మంచిదే" అన్నాడు. నేనిచ్చిన కాఫీ తాగి వెళ్ళిపోయాడు. చక్కెర ఎక్కువైందని కూడా అనలేదు.

మర్నాడు పొద్దున్నే మా గుమ్మంలో మోటారుసైకిల్ ఆగింది. దాని మీద నిచ్చెన, నిచ్చెన వెనక ఆయన.

"ఈసారైనా ప్యానెల్ ఉందా అండీ?" అన్నాడు.

"ఉంది, పాడైంది" అంది అక్క గుమ్మంలోకి పరుగెత్తుకొచ్చి. "మీకెలా తెలుసు? నేను కంప్లైంటు చేయలేదే!"

"చేశారండీ. ఇదిగో" అని ఫోన్‌లో చూపించాడు. "పోయిన చలికాలంలో నమోదైంది."

"అప్పటికి నేను కొననే లేదు కదా!"

"అదే కదమ్మా, నేను మా ఆఫీసులో మొత్తుకున్నది!" నిచ్చెనాయన మెట్ల మీద కూలబడ్డాడు. "ప్యానెలే లేదు, ఈ కంప్లైంటు మూసేద్దామంటే మీ మావయ్యగారు మూయనివ్వరు. వారం వారం ఫోన్ చేస్తారు, నిన్న కూడా చేశారు. ప్యానెల్ లేదు కదా సార్ అంటే, 'వస్తుంది, కంగారుపడకు' అంటారు. మా ఆఫీసులో ఆయన గొంతు గుర్తుపట్టని మనిషి లేడు. తరువాత ఒకరోజు ప్యానెళ్ళ వెనకున్న నంబర్లన్నీ ఫొటోలు తీసి పంపారు. బిల్లు కూడా పంపారు."

"బిల్లు మీద సోలార్ సామాను అని తప్ప ఏమీ లేదండీ" అన్నాను.

"మొదట అలాగే ఉంది. ప్యానెల్ నంబరు లేని బిల్లు మాకు చెల్లదని చెప్పాం. అప్పుడు ఆయన మీకు అమ్మిన డీలరు షాపులో కుర్చీ వేసుకుని కూర్చున్నారట. వచ్చిన ప్రతి కస్టమరుతోనూ, 'నాదీ ఇక్కడే కొన్నాను, పాడైంది' అని చెబుతూ కూర్చున్నారట. సాయంత్రానికి డీలరు నాలుగు నంబర్లూ రాసి, సంతకం పెట్టి, స్టాంపు కొట్టి, దండం పెట్టి పంపించాడు. ఆ కాగితం వల్లే ఇప్పుడు మీకు కొత్త ప్యానెల్ వస్తోంది. ఆ డీలరు దగ్గర కొన్న చాలామందికి ఇవ్వలేకపోయామండీ, వాళ్ళ దగ్గర నంబర్లు లేవు."

కొత్త ప్యానెల్ రావడానికి వారం పడుతుందన్నాడు. ఈలోపు మాడిన దాన్ని తప్పించి, మిగతా మూడింటినీ కలిపాడు. కాసేపటికి పైన మిషన్లు గలగలమన్నాయి. అక్క మెట్ల మీదే నిలబడి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నేను చూడనట్టు నిచ్చెన పట్టుకున్నాను.

వెళుతూ నిచ్చెనాయన బతిమాలాడు. "అమ్మా, మీ మావయ్యగారికి చెప్పి ఇక ఈ కంప్లైంటు మూయించండి. మా ఆఫీసులో ఇంత ముసలి కంప్లైంటు ఇంకోటి లేదు."

యూనిఫారాలు బడి తెరవడానికి ముందే చేరిపోయాయి. అవి అప్పజెప్పి, అక్కా నేనూ నేరుగా మావయ్య ఇంటికి వెళ్ళాం. ఆయన బల్బు కొనడానికి బయల్దేరుతూ, ఇంకా కొనని బల్బు వెలగడం లేదని ఎవరితోనో ఫోన్‌లో చెబుతున్నాడు.

అక్క ఆయన ఎదురుగా నిలబడింది. "మావయ్యా, నేను నిన్ను రావద్దన్నాను. నీకు చెప్పకుండా కొన్నాను. పాడైతే దాచాను. అన్నీ తెలిసి ఒక్కసారైనా 'చెప్పానా' అనలేదేం నువ్వు?"

మావయ్య కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు. "పాడైన సామానుతో వచ్చే మనిషి దారి పొడుగునా తనను తనే తిట్టుకుంటూ వస్తాడమ్మా. కౌంటరు వెనకున్నవాడు మళ్ళీ తిట్టడం దేనికి?" అన్నాడు. ఆపైన బల్బు వంక పెట్టుకుని వీధిలోకి వెళ్ళిపోయాడు.

అప్పుడు చెప్పింది అత్తయ్య. మావయ్య ఉద్యోగం చివరి రోజుల్లో, ఒక పెద్దమనిషి టేబులు ఫ్యాను ఒకటి తువ్వాలులో చుట్టుకుని, చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని వచ్చాడట. మంచాన పడ్డ భార్య కోసం కొన్నాడు. బిల్లు చెమటకి తడిసి అక్షరాలు అలికిపోయాయి. మావయ్య ఎప్పటిలాగే, వారంటీలో రాదండీ అన్నాడు. ఆయన ఒక్క మాట గొడవ పడలేదు. "మీ టైము పాడుచేశాను, ఏమనుకోకండి" అని, మళ్ళీ ఆ ఫ్యాను తువ్వాలులో చుట్టుకుని వెళ్ళిపోయాడు.

"'తిట్టుంటే మర్చిపోయేవాణ్ణే, క్షమాపణ చెప్పి వెళ్ళాడే' అని ఆ రోజు అన్నం ముట్టలేదు మీ మావయ్య" అంది అత్తయ్య. "మర్నాడు మా ఫ్యాను పట్టుకుని ఆయన్ను వెతుక్కుంటూ వెళ్ళారు. అడ్రసు దొరకలేదు. అప్పటినుంచే ఈ ముందస్తు కంప్లైంట్లు. 'సామాను పాడయ్యాక మనిషికి గొంతు పడిపోతుందే. డబ్బు జేబులో ఉన్నంతసేపే గొంతు పైకి లేస్తుంది. అందుకే గొంతున్నప్పుడే అందరి తరఫునా అరిచేస్తాను' అంటారు. అరవనీ పాపం. నేను నమోదు చేసుకుంటూనే ఉన్నాను కదా."

ఇన్నేళ్ళుగా ఆ మనిషిని చూసి నవ్వుతూనే ఉన్నాం, ఇక మీదట కూడా నవ్వుతాం. కానీ ఆ పూట నాకు ఆయన మీద పుట్టిన ప్రేమ ఇంతా అంతా కాదు.

అక్క ఆయనకు చొక్కా కుట్టిపెడతానంది. మంచి గుడ్డ తెచ్చి, ఆయన్ను మేడమీది గదిలో నిలబెట్టి, మెడకు టేపు చుట్టింది. గుడ్డ ఇంకా షాపువాడు కట్టిన కాగితంలోనే ఉంది. మావయ్య భుజాలు అటూ ఇటూ కదిపి, మొహం చిట్లించాడు.

"చంకలో పట్టేస్తోందమ్మాయ్" అన్నాడు.

అక్క చెవి మీది పెన్సిలు తీసింది. "ఇది వారంటీలో రాదు మావయ్యా."

"నమోదు చేసుకోవే తల్లీ," అంది ఆయనతో వచ్చిన అత్తయ్య బెంచీ మీంచి, "లేకపోతే వారం వారం ఫోన్ చేస్తారు."

అక్క టేపు మళ్ళీ చుట్టి, చంక దగ్గర అరంగుళం ఎక్కువ రాసుకుంది.